పదహారేళ్ల అమ్మాయిని ఏడాదిపాటు అమెరికాలో హోస్ట్ ఫ్యామిలీ దగ్గరికి పంపవచ్చునా?

ఉప్పల్‌లో ఉంటున్న ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. పదో తరగతి పూర్తిచేసిన వారి అమ్మాయికి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ కింద అమెరికాలో ఒక విద్యాసంవత్సరం చదివే అవకాశం వచ్చింది. అయోవా రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్లో, పిల్లలు పెద్దవాళ్లై వేరే వెళ్లిపోయిన దంపతుల ఇంట్లో ఉండాలి. అమ్మాయి శాకాహారి, ఇంటిపనులు అలవాటు లేవు, తల్లిని విడిచి ఎప్పుడూ ఉండలేదు. పంపవచ్చా, ముక్కూమొహం తెలియని వాళ్లింట్లో రక్షణ ఉంటుందా, ఎలా నెగ్గుకొస్తుంది, రోజూ ఫోన్ చేసి ధైర్యం చెబితే సరిపోతుందా, వచ్చాక చదువు దెబ్బతినదా అన్నవి ఆవిడ సందేహాలు.

నేను సికింద్రాబాద్‌లో చాలా ఏళ్లుగా ఇలాంటి పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ ప్రయాణానికి ముందు తరగతులు నిర్వహిస్తున్నాను. మారేడ్‌పల్లిలోని మా ఇంట్లో విదేశీ విద్యార్థులను ఉంచుకున్న అనుభవమూ ఉంది కనుక రెండు వైపుల నుంచీ చెప్పగలను.

సూటిగా చెప్పాలంటే, పంపవచ్చు. తిండి, చలి, భాష అన్నీ సర్దుకునేవే. కానీ ఆ ఏడాది ఎలా గడుస్తుందన్నది దేశాన్ని బట్టో బడిని బట్టో కాక, మీ అమ్మాయి ఆ ఇంట్లో అతిథిగా ఉండిపోతుందా, ఇంటి మనిషిగా కలిసిపోతుందా అన్నదాన్ని బట్టి ఉంటుంది. అది చాలావరకు ఆమె చేతిలోనే ఉంది, కొంత మీ చేతిలోనూ ఉంది. రోజూ ఫోన్ చేయడం అందుకు సాయపడదు, అడ్డుపడుతుంది. చదువులో ఒక సంవత్సరం వెనకబడుతుందని మాత్రం ముందే ఒప్పుకుని పంపండి.

ముందుగా ఆ కుటుంబం ఎవరో, మీ అమ్మాయిని ఎందుకు ఉంచుకుంటోందో అర్థం చేసుకోవాలి. ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్‌లకు అమెరికా ఇచ్చే జె-1 వీసా మీద వెళ్లే హైస్కూలు విద్యార్థిని ఉంచుకునే అమెరికన్ కుటుంబానికి ఎవరూ డబ్బు చెల్లించరు, చెల్లించకూడదన్నది అక్కడి నియమం. మంచం, మూడు పూటలా భోజనం, చదువుకోవడానికి చోటు ఇస్తారు. ప్రతిఫలంగా వాళ్లు కోరుకునేది వేరే దేశం పిల్ల తమ ఇంట్లో తిరుగుతుంటే కలిగే ఆనందమే. ఈ పద్ధతి ఇప్పటిది కాదు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ క్షతగాత్రులను మోసిన అంబులెన్స్ డ్రైవర్ల సంస్థ ఏఎఫ్‌ఎస్, రెండో యుద్ధం ముగిశాక 1947 ప్రాంతంలో హైస్కూలు పిల్లలను ఇలా కుటుంబాల మధ్య ఉంచడం మొదలుపెట్టింది. దేశాల మధ్య వైరం తగ్గాలంటే పిల్లలు ఒకరి ఇళ్లలో ఒకరు పెరగాలన్నది వారి నమ్మకం. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత 2002లో అమెరికా ప్రభుత్వం హైస్కూలు పిల్లల కోసం మొదలుపెట్టిన కెన్నెడీ-లూగర్ యెస్ అనే ఎక్స్ఛేంజ్ కార్యక్రమం వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన. రోటరీ క్లబ్బుల వారి పద్ధతి కొద్దిగా వేరు, అక్కడ ఒకే ఏడాదిలో ఒకటికి మించిన కుటుంబాల మధ్య పిల్లలను మారుస్తారు.

ఈ విషయం తెలియక మనవాళ్లలో కొందరు హోస్ట్ ఫ్యామిలీని హాస్టల్ లాగా చూస్తారు. ఒక తండ్రి అబ్బాయిని పంపిన నెలకే వాళ్లింటికి ఫోన్ చేసి, గదిలో రాసుకునే బల్ల చిన్నదిగా ఉందనీ, కూరలు సరిగా లేవనీ చెప్పారు. ఆయన ఉద్దేశం బిడ్డ సుఖమే, కానీ పైసా తీసుకోకుండా తమ ఇంటి తలుపు తెరిచిన వారికి ఆ మాటలు ఎంత కష్టం కలిగించాయో తర్వాత, అక్కడ ప్రోగ్రామ్ సంస్థ తరఫున పిల్లల బాగోగులు చూసే కో-ఆర్డినేటర్ ద్వారా తెలిసింది.

రక్షణ సంగతి మీరు అడిగారు, అడగవలసినదే. అమెరికా నిబంధనల ప్రకారం ఆ ఇంట్లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ నేర చరిత్ర తనిఖీ జరగాలి, సంస్థ మనిషి ఇంటికి వెళ్లి చూసి రావాలి. అమ్మాయికి సొంత మంచం ఉండాలి. అది గాలి నింపే పరుపో, మడిచే సోఫానో కాకూడదు. గది పంచుకోవలసి వస్తే ఆడపిల్లతోనే, అదీ ఒక్కరితోనే. లోకల్ కో-ఆర్డినేటర్ నెలకు ఒకసారైనా అమ్మాయితోనూ, కుటుంబంతోనూ విడివిడిగా మాట్లాడాలి. అయితే ఆ కో-ఆర్డినేటర్ పక్కవీధిలో ఉంటారని అనుకోవద్దు. నియమం అనుమతించే దూరం 120 మైళ్లు, అంటే మనకు వరంగల్ కంటే దూరమే. కాబట్టి అమ్మాయికి రెండో ఆసరా ఉండాలి. బడిలో కౌన్సెలర్ ఎవరో మొదటి వారంలోనే తెలుసుకుని పలకరించి పెట్టుకోమనండి.

ఇంకొక మాట ప్రతి ఆడపిల్లకూ, మగపిల్లవాడికీ కూడా నేను విడిగా కూర్చోబెట్టి చెబుతాను, మీరూ చెప్పండి. ఏ పెద్దవారైనా ఒక విషయాన్ని ఎవరికీ చెప్పవద్దు అన్నా, ఒంటి మీద చెయ్యి వేసినా, గదిలోకి వచ్చే తీరు ఇబ్బందిగా అనిపించినా, అది తన తప్పేమోనని ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే కో-ఆర్డినేటర్‌కో, కౌన్సెలర్‌కో, సంస్థ ఇచ్చే కార్డు మీద ఉండే అమెరికా విదేశాంగ శాఖ నంబరుకో చెప్పాలి. ప్రాణభయం ఉంటే అక్కడి అత్యవసర నంబరు 911. ప్రోగ్రామ్ ఆగిపోతుందనో, అమ్మానాన్నలు బాధపడతారనో పిల్లలు దాచుకుంటారు. ఏడాది మధ్యలో తిరిగి వచ్చినా మాకు సంతోషమే అని మీ నోటితో, స్పష్టంగా, బయలుదేరే ముందే ఆమెకు చెప్పి ఉంచండి.

తెలుగు తల్లిదండ్రులు తరచుగా అడిగేది, డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మేనమామ ఇంటికి దగ్గర్లో వేయించమని. జె-1 విద్యార్థిని బంధువుల ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. దగ్గరి ఊళ్లో ఉన్నా, మొదటి నాలుగైదు నెలలు బంధువుల రాకపోకలు లేకపోవడమే మేలు. శనివారం రాగానే మేనమామ వచ్చి తీసుకువెళ్లే పిల్లకు ఆ ఊళ్లో స్నేహాలు ఏర్పడవు.

ఇక అసలు విషయానికి వస్తాను. అమెరికన్ ఇంట్లో తొలి నెలలో వచ్చే చిక్కులన్నీ చిన్నవే, కానీ ఎవరూ నోరు విప్పి చెప్పకపోవడం వల్ల అవి పేరుకుపోతాయి. స్నానాల గది సంగతే చూడండి. మన ఇళ్లలో నేలంతా తడిసినా తూములోంచి నీళ్లు పోతాయి. అక్కడ చాలా ఇళ్లలో టబ్బు బయట నేల మీద తూమే ఉండదు, ఇళ్లు ఎక్కువగా చెక్కతో కట్టినవి కనుక నిలిచిన నీరు కింది అంతస్తు పైకప్పులోకి దిగుతుంది. కర్టెన్ అంచు టబ్బు లోపలికి వేసుకోవాలి, బయటకు వచ్చే ముందు నేల పొడిగా తుడవాలి, రాలిన వెంట్రుకలు తీసేయాలి. వేడినీళ్ల ట్యాంకు ఇంటిల్లిపాదికీ ఒకటే, ఒకరు అరగంట స్నానం చేస్తే తర్వాతి వారికి చన్నీళ్లే మిగులుతాయి. ఇవన్నీ పోట్లాటలు కావు. కానీ ఒక తల్లి రోజూ పొద్దున్నే తడినేలను తుడుచుకుంటూ ఏమీ అనకుండా ఉండిపోతే, మూడో నెలలో ఆ పిల్లకు బాధ్యత లేదన్న మాట కో-ఆర్డినేటర్ చెవిన పడుతుంది. పిల్లకు మాత్రం తాను చేసిందేమిటో తెలియదు.

అందుకే నేను పిల్లలకు మొదటి మూడు రోజుల్లోనే అడిగి రాసుకోమని కొన్ని ప్రశ్నలు ఇస్తాను. మిమ్మల్ని ఏమని పిలవాలి? ఉదయం స్నానానికి నా వంతు ఎప్పుడు? నా బట్టలు ఏ రోజు ఉతుక్కోవాలి? ఫ్రిజ్‌లో అడగకుండా తీసుకోదగినవి ఏవి, అడగవలసినవి ఏవి? రాత్రి ఎన్నింటికి ఇల్లు సద్దుమణగాలి? వారంలో నేను చేయవలసిన పనులు ఏమిటి? చివరి ప్రశ్న అన్నింటికంటే ముఖ్యమైనది. గిన్నెలు డిష్‌వాషర్‌లో సర్దడం, చెత్త బయట పెట్టడం, కుక్కను తిప్పుకురావడం, తన గది ఊడ్చుకోవడం అక్కడి పిల్లలు కూడా చేసే పనులే. మీ అమ్మాయికి పనులు అలవాటు లేవన్నారు కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. వెళ్లేలోపు తన బట్టలు తానే ఉతుక్కోవాలి, తన కంచం తానే కడుక్కోవాలి, పక్క తానే సర్దుకోవాలి. పనిమనిషి వచ్చే ఇంట్లో ఇది కొంచెం పట్టుబట్టి చేయించవలసిన విషయం.

కుక్క ప్రస్తావన వచ్చింది కనుక చెబుతున్నాను. మన పిల్లలు చాలామంది కుక్కలకు భయపడతారు, అక్కడ కుక్క సోఫా మీద, ఒక్కోసారి పక్క మీద కూడా ఉంటుంది. భయం ఎక్కువైతే దరఖాస్తులోనే రాయాలి. కొద్దిపాటిదైతే, తెలిసినవారి పెంపుడు కుక్క దగ్గర కొన్నాళ్లు కూర్చోబెట్టి అలవాటు చేయండి.

తలుపు వేసుకుని గదిలో కూర్చోవడం నేను చూసిన వాటిలో పెద్ద చిక్కు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి మిన్నెసోటా వెళ్లిన ఒక అబ్బాయి బడి నుంచి రాగానే గదిలోకి వెళ్లి జేఈఈ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవాడు. అతని దృష్టిలో అది బుద్ధిమంతుడి లక్షణం, మన ఇళ్లలో అలాంటి పిల్లవాడిని పది మందిలో పొగుడుతారు. అక్కడి తల్లికి మాత్రం తమ మీద అయిష్టమో, దిగులో అనిపించి, మేము ఏం తప్పు చేశామని కో-ఆర్డినేటర్‌ను కన్నీళ్లతో అడిగింది. పుస్తకాలు తెచ్చి వంటగది బల్ల మీద పెట్టుకుని చదువుకోమని చెప్పాక రెండు వారాల్లో ఆ ఇంటి వాతావరణమే మారిపోయింది. చదివింది అవే పుస్తకాలు, మారింది కూర్చున్న చోటు మాత్రమే.

దీన్నే మా ఇంట్లో ఎదుటి వైపు నుంచి చూశాను. మా దగ్గర ఉన్న జర్మన్ అమ్మాయి మధ్యాహ్నాలు తలుపు వేసుకునేది. మా అత్తగారు ఆ పిల్లకు ఒంట్లో బాగాలేదేమోనని పదే పదే తట్టేవారు. తన ఇంట్లో తలుపు వేసి ఉంటే ఎవరూ తట్టరని, అది అలగడం కాదని ఆమె చెప్పే వరకు మాకు తోచలేదు. అలాగే మేము కంచంలో మళ్లీ మళ్లీ వడ్డిస్తుంటే వద్దంటే మర్యాద కాదేమోనని కడుపు బరువెక్కేదాకా తినేది. ఒకరోజు ఆమే అడిగి చిక్కుడుకాయలు ఈనెలు తీయడానికి మా పక్కన కూర్చుంది, ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ ఆమెను చుట్టంగా చూడలేదు.

వడ్డన సంగతి మీ అమ్మాయికి తిరగబడి ఎదురవుతుంది. మన దగ్గర మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి బలవంతం చేయడం ప్రేమ. అక్కడ వద్దంటే వద్దనే అర్థం, గిన్నె పక్కవారి దగ్గరికి వెళ్లిపోతుంది. తొలి రాత్రే ఇలా అన్నీ వద్దని ఆకలితో పడుకున్న పిల్లలను నేను ఎరుగుదును. ఆకలి వేస్తే వేస్తోందని, చలి వేస్తే వేస్తోందని, అర్థం కాకపోతే కాలేదని చెప్పడం అక్కడ అమర్యాద కాదని ఆమెకు నమ్మకం కలిగేలా చెప్పండి. ఇంకో సంగతి, అక్కడ చాలా ఇళ్లలో రాత్రి భోజనం ఆరు గంటలకే అయిపోతుంది.

శాకాహారం కుదురుతుంది. అయితే ఆ మాట ఒక్కటి చెబితే చాలదు, ఏం తింటుందో, ఏం తినదో ముందే రాసి పంపాలి. శాకాహారులు గుడ్డు తింటారనే అక్కడ సాధారణంగా అనుకుంటారు. కేకు, పాన్‌కేకు లాంటి వాటిలో గుడ్డు ఉంటుంది. సూపు కూరగాయలదే అయినా కోడి ఉడికించిన నీళ్లతో చేసి ఉండవచ్చు. మెత్తటి ఆలుగడ్డ ముద్ద మీద పోసే గ్రేవీ మాంసరసంతో చేసినది. జెల్లీలు, మార్ష్‌మాలోలలో ఉండే జెలటిన్ జంతువుల నుంచి తీసేది. వీటిలో ఎంతవరకు పట్టించుకోవాలన్నది మీ ఇంటి నిర్ణయం, కానీ ఆ నిర్ణయం ఇక్కడే జరగాలి, అక్కడ భోజనాల బల్ల దగ్గర కాదు. నా సలహా అడిగితే, కేకులో గుడ్డు విషయంలో పట్టు సడలిస్తే అమ్మాయికి ఏడాది చాలా తేలికవుతుంది. ఏదీ తిననివ్వని కచ్చితమైన నియమం ఉన్న కుటుంబం అయితే, ఆ సంగతి దరఖాస్తు దశలోనే చెప్పి ఉండవలసింది.

ఆమెకు పప్పు, పులిహోర, ఒక కూర చేయడం వచ్చి ఉండాలి. వారానికి ఒకరోజు నేను వండుతానని ఆమె అంటే ఆ ఇంటివారికి ఎంతో సంతోషం. పోపు మాత్రం మనలాగా పొగలు వచ్చేలా వేస్తే ఇంటి పైకప్పులోని పొగ అలారం మోగుతుంది. ఫ్యాన్ వేసి, సన్నని సెగ మీద, ఆ ఇంటావిడ పక్కన ఉండగా మొదటిసారి చేయమనండి. మిరియాలే కారమనుకునే వాళ్లుంటారు, కారం సగానికి సగం తగ్గించాలి.

ఇప్పుడు ఫోన్. మీకు ఇది నచ్చకపోవచ్చు, అయినా చెప్పక తప్పదు. వారానికి ఒకసారి, ముందే అనుకున్న రోజున, ఓ గంటకు మించకుండా మాట్లాడండి. మధ్యలో ఫొటోలు, చిన్న సందేశాలు పంపుకోవచ్చు. కారణం చెబుతాను. హైదరాబాద్‌లో ఉదయం ఏడింటికి మీరు ఫోన్ చేస్తే అయోవాలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక అయితే ఏడున్నర. అంటే మీకు తీరిక దొరికే వేళే ఆ ఇంట్లో అందరూ ఒకచోట కూర్చునే వేళ. రోజూ ఆ గంట మీతో వీడియోలో గడిపే పిల్ల ఆ కుటుంబంతో గడపవలసిన ఏకైక గంటను కోల్పోతుంది. అంతేకాదు, దిగులుగా ఉన్నప్పుడల్లా అమ్మకు చెప్పుకునే వీలుంటే పక్కనే ఉన్న ఆవిడకు చెప్పుకోవాలని తోచదు. ఫోన్ పెట్టేశాక ఆమె తేలికపడి నిద్రపోతుంది, మీరు మాత్రం రోజంతా దిగులుపడుతూ ఉంటారు. నా దగ్గరికి కంగారుగా వచ్చిన తల్లుల్లో చాలామంది విషయం ఇదే, పిల్ల ఏడ్చిన పది నిమిషాలు వాళ్లకు తెలుసు, ఆ తర్వాత స్నేహితులతో నవ్వుకున్న రెండు గంటలు తెలియవు.

ఆ ఇంట్లో ఏదైనా ఇబ్బంది ఉందని ఫోన్‌లో చెబితే, మీరు నేరుగా వాళ్లకు ఫోన్ చేయవద్దు. ఆ ఇంటివారిని అడిగావా అని మొదట అమ్మాయిని అడగండి. అడిగినా తీరకపోతే కో-ఆర్డినేటర్‌కు చెప్పమనండి. ఆపైన ఇక్కడి సంస్థ ప్రతినిధికి మీరు చెప్పండి. అమ్మాయి భద్రతకు సంబంధించినదైతే ఈ వరుస అక్కర్లేదు, వెంటనే సంస్థ అత్యవసర నంబరుకు మాట్లాడండి.

దిగులు వస్తుంది, వచ్చి తీరుతుందనే అనుకుని సిద్ధంగా ఉండండి. పరాయి చోట కలిగే ఈ తికమకను గురించి కలెర్వో ఓబెర్గ్ అనే మానవశాస్త్రవేత్త 1960లో రాసిన వ్యాసాన్నే ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. మొదట అంతా వింతగా, హాయిగా ఉండి, తర్వాత చిరాకు, దిగులు మొదలై, మెల్లగా కుదురుకుంటారని దాని సారం. తర్వాతి పరిశోధకులు అందరికీ ఆ వరుస వర్తించదని, కొందరికి మొదటి రోజులే అన్నింటికంటే కష్టమని చూపించారు. నేను చూసిన పిల్లల్లో రెండు రకాలూ ఉన్నారు. అయితే ఆగస్టులో హైదరాబాద్ వదిలిన పిల్లలకు అక్టోబరు చివరి నుంచి జనవరి దాకా గడ్డుకాలమని మాత్రం చెప్పగలను. దసరా, దీపావళి అక్కడ మామూలు బడి రోజులే. అయోవాలో డిసెంబరులో సాయంత్రం ఐదు కాకముందే చీకటి పడుతుంది, చలి కొన్ని రోజుల్లో సున్నాకు 20 డిగ్రీల దిగువకు కూడా పోతుంది. దీపావళికి ఆ ఇంట్లోనే నాలుగు ప్రమిదలు వెలిగించి, ఏదైనా తీపి చేసి, పక్కింటి వారిని పిలవమనండి. మీతో మూడు గంటలు వీడియోలో కూర్చుని పండుగ చూడడం కంటే అది ఆమెకు ఎక్కువ బలమిస్తుంది.

దిగులుకు నాకు తెలిసిన గట్టి మందు బడి అయిపోయాక చేసే పని. అమెరికన్ హైస్కూల్లో స్నేహాలు తరగతి గదిలో కంటే ఆటల్లో, బృందగానంలో, నాటకంలో కుదురుతాయి. క్రాస్ కంట్రీ పరుగు లాంటి జట్లలో చాలా బళ్లు వచ్చిన అందరినీ చేర్చుకుంటాయి. ఎప్పుడూ పరుగెత్తని పిల్ల అయినా చేరవచ్చు, చివరన వచ్చినా జట్టులో మనిషే. శిక్షణ బడి తెరవడానికి ముందే మొదలవుతుంది కనుక మొదటి రోజుకే పది మంది ముఖపరిచయం ఉంటుంది. మీ అమ్మాయి చదువు తప్ప ఇంకేమీ వద్దనుకునే స్వభావం కలదైతే ఈ ఒక్క విషయంలో ఆమెను కాస్త తొందరపెట్టండి.

కుటుంబం మారవలసి రావచ్చు. అది వినగానే తల్లిదండ్రులు బెంబేలెత్తుతారు, కానీ ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల్లో ఇది అరుదైన విషయమేమీ కాదు. ఆ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేయవచ్చు, ఉద్యోగం మారవచ్చు, లేదా ఇద్దరూ మంచివారే అయినా స్వభావాలు కుదరకపోవచ్చు. నాకు తెలిసిన ఒక అమ్మాయి మొదటి ఇంట్లో వారాంతాలన్నీ ఒంటరిగా గడిపింది. దంపతులిద్దరివీ రాత్రి పాళీ ఉద్యోగాలు. కో-ఆర్డినేటర్ అమ్మాయినీ, ఆ దంపతులనూ కూర్చోబెట్టి మాట్లాడించి చూశారు, ఫలితం లేక డిసెంబరులో బడి స్నేహితురాలి ఇంటికి మార్చారు. ఇప్పటికీ ఆ రెండు కుటుంబాలూ ఆమెకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెబుతాయి. అమెరికన్ నిబంధనల్లో ఒంటరి మహిళో, పురుషుడో ఒక్కరే ఉన్న ఇల్లు కూడా కుటుంబమే. పిల్లలు లేని ఒంటరి వ్యక్తి ఇంట్లో ఉంచాలంటే విద్యార్థీ, కన్న తల్లిదండ్రులూ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అలాంటి కాగితం వస్తే చదవకుండా సంతకం చేయకండి.

నియమాలు కొన్ని చాలా కఠినమైనవి. మద్యం, మత్తుపదార్థాలు, వాహనం నడపడం చాలా సంస్థలు నిషేధిస్తాయి, అతిక్రమిస్తే విమానం ఎక్కించి పంపేస్తారు. పసిపిల్లలను చూసుకోవడం, ఆకులు ఊడ్చడం వంటి చిల్లర పనులు తప్ప ఉద్యోగం చేయకూడదు. ఆదివారం ఆ కుటుంబం చర్చికి వెళితే అమ్మాయిని వెళ్లి తీరాలని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఇష్టమైతే చూసిరావచ్చు, చిన్న ఊళ్లో చర్చి పూజకే కాక ఊరంతా కలుసుకునే చోటు కూడా.

చదువు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాద్ తల్లిదండ్రులు దీన్ని ఆలస్యంగా ఆలోచిస్తారు. పదో తరగతి అయ్యాక ఆగస్టులో వెళ్లి మరుసటి జూన్‌లో వచ్చి ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరడం నాకు తెలిసిన మార్గాల్లో అన్నింటికంటే సులువైనది. ఇంటర్ మధ్యలో వెళ్లడం కంటే ఇది ఎంతో నయం. అక్కడి బడి డిప్లొమా ఇచ్చి తీరాలని లేదు, మార్కుల ట్రాన్‌స్క్రిప్టు మాత్రం తప్పకుండా తెచ్చుకోవాలి. జేఈఈ మెయిన్‌కు వయోపరిమితి లేదు, పన్నెండో తరగతి పాసైన సంవత్సరాన్ని బట్టే అర్హత లెక్కిస్తారు కనుక ఆ వైపు నష్టం లేదు.

స్థానికత విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. తెలంగాణలో ప్రవేశాలకు స్థానిక అభ్యర్థిగా గుర్తింపు పొందే ప్రధాన మార్గం అర్హత పరీక్ష దాకా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండడం. 2024లో వైద్య కోర్సుల నియమాలను సవరించినప్పుడు తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఇక్కడే చదవాలన్న షరతు గట్టిపడింది, 2025లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పదికీ ఇంటర్‌కీ మధ్య ఒక ఏడాది అయోవాలో గడిస్తే ఆ వరుస మీద ప్రశ్న రావచ్చు. మీ అమ్మాయికి ఎంబీబీఎస్ మీద గట్టి ఆశ ఉంటే, ప్రయాణం ఖాయం చేసుకోకముందే ప్రవేశాలు చూసే విశ్వవిద్యాలయానికి ఆమె పరిస్థితి రాసి, లిఖితపూర్వక సమాధానం తీసుకోండి. కార్పొరేట్ కాలేజీ కౌంటర్లో ఎవరో ఏమీ కాదని నోటిమాటగా చెప్పినది తర్వాత పనికిరాదు.

ఆరోగ్యం విషయంలో కొన్ని పనులు ఇక్కడే పూర్తిచేయండి. పుట్టినప్పుడు బీసీజీ టీకా వేసుకున్న మన పిల్లలకు చర్మం మీద చేసే క్షయ పరీక్షలో వ్యాధి లేకపోయినా పాజిటివ్ రావచ్చు. అక్కడి బడి క్షయ పరీక్ష అడిగితే ఇగ్రా అనే రక్తపరీక్ష చేయించండి, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు. టీకాల పుస్తకం పోయి ఉంటే శిశువైద్యుడి చేత తేదీలతో కొత్తది రాయించండి, లేకపోతే బడిలో చేర్చుకునేలోపు మళ్లీ వేయిస్తారు. ప్రోగ్రామ్ బీమా జబ్బులకూ ప్రమాదాలకూ ఉంటుంది కానీ పళ్లకు, కళ్లద్దాలకు సాధారణంగా వర్తించదు. పళ్లు చూపించి, అద్దాలు రెండు జతలు పంపండి.

సామానులో తాజా కరివేపాకు పెట్టవద్దు. నిమ్మజాతి తోటలను పాడుచేసే పురుగు దాని మీద వస్తుందని అమెరికాలోకి రానివ్వరు. ఏ తినుబండారమైనా సరే కస్టమ్స్ వారికి ముందే చెప్పాలి. ఆ ఇంటివారికి బహుమతిగా పోచంపల్లి బల్లగుడ్డో, చేర్యాల బొమ్మో, చిన్న బిద్రీ పెట్టెనో చాలు. ఖరీదైన ముత్యాల హారాలు ఇస్తే తీసుకోవడానికి వాళ్లు ఇబ్బంది పడతారు.

కుటుంబం పేరు ఇప్పటికే వచ్చింది కాబట్టి ఈ వారంలోనే మీ అమ్మాయి చేత వారికి ఒక ఉత్తరం రాయించండి. అందులో తనకు ఏమేమి ఇష్టమో, ఏం తింటుందో, ఏ పనులు వచ్చో, ఏవి నేర్చుకోవాలనుకుంటోందో, ఏ విషయానికి భయపడుతోందో ఉండాలి. మీ ఇంట్లో ఒక మామూలు రోజు ఎలా గడుస్తుందో కొన్ని వాక్యాలు, మీరందరూ ఉన్న ఒక ఫొటో చేర్చండి. ఇంగ్లీషులో తప్పులుంటే ఉండనివ్వండి, మీరు దిద్దవద్దు, ట్యూషన్ మాస్టారి చేత దిద్దించవద్దు. ఆగస్టులో విమానాశ్రయంలో వాళ్లు ఎదురుచూసేది ఆ ఉత్తరం రాసిన అమ్మాయి కోసమే.